పెరటి పెట్టలకి ఏ కాల్షియం మేలు: షెల్ గ్రిట్, సున్నపురాతి పొడి, డీసీపీ, టానిక్ పోలిక

గుడ్డు పెంకు పలచబడగానే చాలామంది నేరుగా మందుల షాపుకెళ్లి కాల్షియం టానిక్ సీసా తెస్తారు. పది రోజులు నీళ్లలో కలిపి పోస్తారు, పెంకు మాత్రం గట్టిపడదు. టానిక్ నకిలీదేమో అని అనుమానపడతారు. నిజానికి సీసాలో లోపం ఉండకపోవచ్చు, లెక్కలోనే తేడా ఉంటుంది. పెట్టకి ఎన్ని గ్రాముల కాల్షియం కావాలో, మనం పోసే చుక్కల్లో ఎంత ఉందో పోల్చి చూస్తే ఏది కొనాలో అక్కడే సగం తేలిపోతుంది.

గుడ్డు పెంకు 5 నుంచి 6 గ్రాములు తూగుతుంది. అందులో 95 శాతం దాకా కాల్షియం కార్బనేటే. అంటే ఒక్కో గుడ్డుతో పాటు పెట్ట ఒంట్లోంచి 2 గ్రాములకి కాస్త పైనే కాల్షియం బయటికి పోతుంది. తిన్నదాంట్లో ఒంటికి పట్టేది సగం, మహా అయితే అరవై శాతం. కాబట్టి గుడ్డు తయారయ్యే రోజున పెట్ట కడుపులోకి దాదాపు 4 గ్రాముల కాల్షియం వెళ్లాలి.

మనం వేసే మేతలో అది ఎంతుంది? వంద గ్రాముల మొక్కజొన్నలో 0.03 గ్రాము కూడా ఉండదు. బియ్యపు నూకల్లో ఇంకా తక్కువ. చిత్తూరు జిల్లాలో రాగులకి కొదవ లేదు, రాగుల్లో కాల్షియం ఎక్కువన్న మాటా నిజమే. అయినా వంద గ్రాములకి 0.35 గ్రాము దగ్గరే ఆగుతుంది. మిగిలిన సంగటి ముద్ద కోళ్లకి మంచి మేతే, పెంకుకి మాత్రం చాలదు. పచ్చి మునగాకు వంద గ్రాములకి 0.3 గ్రాము ఇస్తుంది, కానీ పెట్ట తినేది పది ఇరవై గ్రాములే. బోరు నీళ్లు ఎంత ఉప్పుగా, సున్నంగా ఉన్నా రోజుకి పావు లీటరు తాగే కోడికి వాటినుంచి అందేది కొన్ని పదుల మిల్లీగ్రాములు. ఇవన్నీ కలిపినా కనీసం మూడు గ్రాములు తక్కువ పడుతుంది. ఆ లోటుని దేనితో పూడ్చాలన్నదే మనం తేల్చుకోవాల్సింది.

ముందు మీ దగ్గరున్న కోడి ఏ రకమో చూడండి. నాటు పెట్ట 12–15 గుడ్లు పెట్టి పొదుగుకి కూర్చుంటుంది, ఏడాది మొత్తానికి 50–80 గుడ్లు. మధ్యలో దొరికే విరామంలో ఎముకల్లో కాల్షియం నిల్వ మళ్లీ నింపుకుంటుంది, దిబ్బల్లో నత్తగుల్లలూ పురుగులూ ఏరుకుంటుంది. పలచని పెంకు నాటు కోళ్లలో అరుదుగా కనపడడానికి కారణం ఇదే. హైదరాబాద్ కోళ్ల పరిశోధన సంస్థ నుంచి వచ్చిన వనరాజా ఏడాదికి వంద పైచిలుకు గుడ్లు పెడుతుంది. గుడ్ల కోసమే తయారుచేసిన గ్రామప్రియ మంచి మేపులో 180–200 దాకా పోతుంది. గ్రామప్రియని నాటుకోడిలా నూకలు చల్లి వదిలేస్తే అది గుడ్లు పెట్టడం వెంటనే ఆపదు. తన ఎముకలు కరిగించి పెంకు కడుతుంది. పెంకు పలచబడేసరికే ఎముక చాలా నష్టపోయి ఉంటుంది. ఆ తర్వాత కాళ్లు పడిపోతాయి.

షెల్ గ్రిట్: ఎక్కువమందికి సరిపోయేది ఇదే

సముద్రపు గుల్లల్ని పగలగొట్టి జల్లించిన రవ్వనే దాణా షాపుల్లో షెల్ గ్రిట్ అని అమ్ముతారు. కాల్షియం 37–38 శాతం ఉంటుంది. పొడి కన్నా ఇది మేలు కావడానికి కారణం రవ్వ సైజు. గుడ్డు మీద పెంకు కట్టడానికి దాదాపు 20 గంటలు పడుతుంది, అందులో పెద్ద భాగం రాత్రిపూటే జరుగుతుంది. ఆ వేళ కోడి గంప కింద నిద్రలో ఉంటుంది, మేత తినదు. సాయంత్రం తిన్న 2–4 మిల్లీమీటర్ల గుల్ల ముక్కలు కందనకాయలో నిలిచి రాత్రంతా మెల్లగా కరుగుతాయి. పొడి అయితే రెండు మూడు గంటల్లో పేగుల్లోకి జారిపోతుంది. తెల్లవారుజామున పెంకుకి కాల్షియం అవసరమైనప్పుడు కడుపులో ఏమీ మిగలదు, ఎముకే ఇవ్వాలి.

పెట్టే పద్ధతి చాలా సులువు. గ్రిట్‌ని దాణాలో కలపకండి. వేరే మూకుట్లోనో కొబ్బరి చిప్పలోనో వేసి, మధ్యాహ్నం మూడు గంటల నుంచి కోళ్లు గూడు చేరేదాకా అందుబాటులో ఉంచండి. గుడ్డు కడుపులో ఉన్న పెట్టకి సాయంత్రం కాల్షియం మీద ఆశ పుడుతుంది, అదే వెతుక్కుంటూ వచ్చి తింటుంది. పొదుగులో ఉన్న పెట్ట దాని వైపు చూడదు, పుంజు అటు పోదు. ఎవరికి ఎంత కావాలో మనం కొలవక్కర్లేదు. రోజూ గుడ్డు పెట్టే పెట్ట 8–9 గ్రాములు, అంటే ఒకటిన్నర చెంచా దాకా తింటుంది. పది గ్రామప్రియ పెట్టలకి నెలకి రెండు నుంచి రెండున్నర కిలోలు లెక్కేసుకోండి.

గిన్నెని పెట్ట వీపు ఎత్తున కట్టండి. కింద పెడితే రెండు నష్టాలు: గీకి మట్టిలో కలిపేస్తాయి, కోడిపిల్లలకీ అందుతుంది. పిల్లలకీ, ఇంకా గుడ్డుకి రాని పడ్డలకీ మేతలో ఒక శాతం కాల్షియం చాలు. గుడ్ల కోడికి సరిపడే మోతాదు వాటికి వారాల తరబడి పడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి, లోపల అవయవాల మీద తెల్లని సుద్దలాంటి పొర పేరుకుని చనిపోతాయి. కోసి చూస్తే తప్ప కారణం తెలియదు. పడ్డ తలమీది తురాయి ఎర్రబడి, మొదటి గుడ్డుకి రెండు వారాల ముందు నుంచి గిన్నె అందేలా చేస్తే సరిపోతుంది.

పులికాట్ చెరువు దగ్గర, సూళ్లూరుపేట వైపు గుల్లలు చవకగానే దొరుకుతాయి. తెచ్చుకుంటే రెండు మూడు సార్లు మంచినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, ఎండబెట్టి దంచండి. కడగని గుల్లతో పాటు ఉప్పు పోతుంది, రెట్టలు నీళ్లుగా అవుతాయి.

రాతిపొడి అని అడిగితే ఏ పొడి ఇస్తారు?

కాల్షియానికి అన్నిటికన్నా చవక సున్నపురాయి. మంచి సున్నపురాతి పొడిలో 36–38 శాతం కాల్షియం ఉంటుంది, ఒంటికి పట్టడంలో గుల్లకీ దీనికీ పెద్ద తేడా లేదు. అదే రాయి 2–4 మిల్లీమీటర్ల రవ్వగా దొరికితే షెల్ గ్రిట్ బదులు నిశ్చింతగా వాడుకోవచ్చు.

చిక్కంతా పేరుతోనే వస్తుంది. కుప్పం, చిత్తూరు చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలు ఉన్నాయి, క్రషర్లు ఉన్నాయి. అక్కడ రాతిపొడి అంటే గ్రానైట్ పొడి, చిప్స్ అంటే నల్లరాతి ముక్కలు. వాటిలో పెంకుకి పనికొచ్చే కాల్షియం లేదు. గ్రానైట్ రవ్వ కందనకాయలో గింజల్ని నలపడానికి ఉపయోగపడుతుంది. కట్టేసి పెంచే కోళ్లకి ముడి గింజలు వేస్తుంటే అది కొంచెం అవసరం కూడా. బయట తిరిగే కోడి ఆ రాళ్లు తనే ఏరుకుంటుంది. గ్రిట్ అని రెండిటినీ ఒకే పేరుతో అమ్మడం వల్ల చాలా ఇళ్లలో గిన్నె నిండా గ్రానైట్ రవ్వ ఉంటుంది, గుడ్లు మాత్రం తోలుగుడ్లు వస్తుంటాయి.

తేల్చుకోవడానికి వెనిగర్ చాలు. చిటికెడు గ్రిట్‌ని గాజు గ్లాసులో వేసి రెండు చెంచాల వెనిగర్ పోయండి. గుల్లయినా సున్నపురాయైనా ముక్క చుట్టూ సన్నని బుడగలు వరుసగా లేస్తాయి, చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా చిటచిట వినిపిస్తుంది. గ్రానైట్ కదలకుండా కూర్చుంటుంది. నిమ్మరసంతోనూ ఇది పనిచేస్తుంది. ఇసుక కలిసిందేమోనని అనుమానముంటే 5 గ్రాములు మెత్తగా దంచి పావు లీటరు వెనిగర్‌లో వేసి, మధ్య మధ్యలో కలుపుతూ ఒక రోజు ఉంచండి. అడుగున మిగిలిందే ఇసుక, మట్టి. అర చెంచా మిగిలితే ఆ షాపు మానేయడం మంచిది.

బుడగలు వచ్చిన ప్రతిదీ మేతకి పనికొస్తుందని కాదు. కడప బండ కూడా సున్నపురాయే, కానీ పాలిష్ దగ్గర రాలిన ముక్కల్లో ఇంకేం కలిసిందో చెప్పలేం. డోలమైట్ పొడి ముగ్గుకి, పెయింటుకి దొరుకుతుంది. దాంట్లో మెగ్నీషియం పది శాతం పైనే ఉంటుంది కాబట్టి కోళ్లకి విరేచనాలు పట్టుకుంటాయి, పెంకు బాగుపడదు. పశువుల దాణా, కోళ్ల దాణా అమ్మే చోట కొన్నదే వాడండి.

ఇంట్లో గుడ్డు పెంకులు

పెంకులో 36–38 శాతం కాల్షియం, ఖర్చు సున్నా. పారేయడం కన్నా వాడుకోవడం ఎప్పుడూ మేలే. అయితే దీని మీదే ఆధారపడితే లెక్క కుదరదు: మీ కోళ్లు పెట్టిన ప్రతి గుడ్డు పెంకూ తిరిగి వాటికే వేసినా, ఒంటికి పట్టేది సగమే కాబట్టి సగం లోటు అలాగే ఉంటుంది. గుడ్లు అమ్ముతుంటే ఆ పెంకులు వెనక్కి రానే రావు.

పెంకుల్ని పది నిమిషాలు నీళ్లలో మరగబెట్టి, ఎండలో గలగలలాడేలా ఆరబెట్టి, పెసరబద్ద సైజుకి నలపండి. పెద్ద చిప్పలుగా వేస్తే కోడి గుడ్డునే గుర్తుపట్టి గూట్లో పొడుచుకు తినే అలవాటు పడుతుంది, ఆ అలవాటు మాన్పించడం చాలా కష్టం. తిరుపతి హోటళ్లలో, నూడుల్స్ బండ్ల దగ్గర బకెట్ల కొద్దీ పెంకులు దొరుకుతాయి. అవి ఏ ఫారం నుంచి వచ్చాయో తెలియదు, మరగబెట్టకుండా పెరట్లో చల్లితే కొక్కెర తెగులో సాల్మొనెల్లానో చేజేతులా ఇంటికి తెచ్చుకున్నట్టే.

డీసీపీ ఎప్పుడు?

డీసీపీని, అంటే డైకాల్షియం ఫాస్ఫేట్‌ని, కాల్షియం కోసం కొనకూడదు. కాల్షియం 22–24 శాతమే, ధర సున్నపురాయికి ఎన్నో రెట్లు. దాని విలువ అందులోని 18 శాతం ఫాస్ఫరస్‌లో ఉంది. ఎముకకి కాల్షియంతో పాటు ఫాస్ఫరస్ కావాలి. తవుడులోనూ గింజల్లోనూ ఫాస్ఫరస్ ఉన్నా ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో బిగుసుకుని ఉంటుంది, కోడికి మూడో వంతు మించి అందదు. తిరిగే కోడికి పురుగులు, చెదలు ఆ లోటు తీరుస్తాయి. జాలీలో పెట్టి నూకలు, తవుడు, శెనక్కాయ చెక్కతో పెంచే కోడికి ఆ దారి లేదు. పెంకు బాగానే ఉండి పెట్ట కుంటుతుంటే ముందు ఫాస్ఫరస్‌నే అనుమానించాలి.

దాణా ఇంట్లోనే కలుపుకునే వాళ్లు, మంద మొత్తం గుడ్ల పెట్టలే అయితే, గ్రిట్‌ని దాణాలోనే కలపవచ్చు: 10 కిలోల దాణాలో 600 గ్రాముల షెల్ గ్రిట్, 300 గ్రాముల సున్నపురాతి పొడి, 120 గ్రాముల డీసీపీ, 30 గ్రాముల ఉప్పు పడేలా చూసుకోండి. మిగతా తొమ్మిది కిలోలు గింజలు, తవుడు, చెక్క. కాల్షియం 3.7 శాతం దగ్గరికి వస్తుంది, అదే కావలసింది. లేయర్ (గుడ్ల కోళ్ల) మినరల్, విటమిన్ మిక్స్‌లని ప్యాకెట్ మీద రాసిన మోతాదులోనే విడిగా కలపాలి. మాంగనీస్, జింక్ వచ్చేది వాటినుంచే, మాంగనీస్ తగ్గినా పెంకు పలచబడుతుంది. ఆ చిటికెడు మిక్స్‌ని ముందు అరకిలో పిండిలో కలిపి, తర్వాత మొత్తంలో కలిపితేనే అన్ని కోళ్లకీ సమానంగా అందుతుంది. డీసీపీ ఫీడ్ గ్రేడ్‌దే అడగండి, ఎరువుల రకంలో ఫ్లోరిన్ ఎక్కువ ఉంటుంది. శెనక్కాయ చెక్క బూజు వాసన వస్తే ఎన్ని ఖనిజాలు పోసినా దండగ. అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, విటమిన్ డి కాలేయంలో మారకపోతే కాల్షియం ఒంటికి పట్టదు.

రెడీమేడ్ లేయర్ మేష్ కొంటున్నవాళ్లకి ఈ లెక్కలన్నీ అక్కర్లేదు, అందులో 3.5–4 శాతం కాల్షియం ఉంటుంది. ఖర్చు తగ్గించుకోవడానికి సగం మేష్, సగం నూకలు వేస్తున్నారా, అప్పుడు కాల్షియం కూడా సగమవుతుంది. సాయంత్రం గ్రిట్ గిన్నె పెట్టండి.

పశువుల మినరల్ మిక్స్చర్, టానిక్, సున్నం

పాడి ఉన్న ప్రతి ఇంట్లో పశువుల మినరల్ మిక్స్చర్ డబ్బా ఉంటుంది, అదే కోళ్లకీ గుప్పెడు చల్లేస్తారు. దాంట్లో కాల్షియం 20 శాతం పైన ఉన్నా, అది ఆవు అవసరానికి కుదిర్చిన మిశ్రమం: మెగ్నీషియం ఎక్కువ, కోడికి కావలసిన నిష్పత్తిలో మాంగనీస్ ఉండదు, కొన్ని రకాల్లో ఉప్పు కూడా ఉంటుంది. పెంకుకి సరిపోయేంత వేస్తే మిగతావి మితిమీరుతాయి. గేదెలు నాకే ఇటుకల్లో కొన్నిటికి యూరియా కలుపుతారు. వాటిని కోళ్లకి అందకుండా పెట్టండి, యూరియాని వాడుకునే పొట్ట కోడికి లేదు.

ఇక టానిక్. లేబుల్ తిప్పి చూడండి. 100 మిల్లీలీటర్లలో 2 గ్రాముల కాల్షియం అని రాసి ఉందనుకుందాం. కోడికి రోజుకి 1 మిల్లీలీటరు పోస్తే అందేది 0.02 గ్రాము. ఒక్క గుడ్డు పెంకుకి అలాంటివి వంద మిల్లీలీటర్లు కావాలి. అయితే సీసా పూర్తిగా వృథా అనలేం. విటమిన్ డి3 కలిసిన టానిక్ ఎండ తగలని గదుల్లో పెరిగే కోళ్లకి, జబ్బు నుంచి తేరుకుంటున్న పెట్టకి, మేత ముట్టని పెట్టకి అయిదారు రోజులు సాయపడుతుంది. పగలంతా ఎండలో తిరిగే కోడికి డి3 దానంతటదే తయారవుతుంది.

సున్నపు తేట నీళ్లలో కలపడం పాత అలవాటు. లీటరు తేటలో కరిగే కాల్షియం ఒక గ్రాము కూడా ఉండదు. కోడి తాగే పావు లీటరుతో వచ్చేది 0.2 గ్రాము. పైగా ఆ నీళ్లు నోరు మండించేంత ఘాటు, కోడి తాగడం తగ్గిస్తుంది, నీళ్లు తగ్గితే గుడ్లూ తగ్గుతాయి. వెల్ల వేసే సున్నం ముద్ద నోట్లో, అన్నవాహికలో పుళ్లు చేస్తుంది. సున్నం గూటి నేల మీద చల్లడానికే మంచిది.

ధర పోల్చేటప్పుడు కిలో రేటు చూడకండి. కిలో ధరని అందులోని కాల్షియం గ్రాములతో భాగించండి: షెల్ గ్రిట్‌లో కిలోకి 380 గ్రాములు, డీసీపీలో 230, పై టానిక్‌లో లీటరుకి 20. ఇలా చూస్తే టానిక్ ఎంత ఖరీదైన దారో వేరే చెప్పక్కర్లేదు.

ఎండాకాలం సంగతి వేరు

ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి, శ్రీకాళహస్తి ఎండకి గ్రిట్ గిన్నె నిండుగా ఉన్నా పెంకు పలచబడుతుంది. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతుంది. రొప్పినకొద్దీ ఒంట్లోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి, పెంకులోని కార్బనేట్ తయారీకి సరుకు కరువవుతుంది. మేత కూడా తగ్గించేస్తుంది. అప్పుడు గ్రిట్ పెంచి లాభం లేదు. నీళ్ల కుండని నీడలో పెట్టి రోజుకి మూడు సార్లు మార్చండి, మేతని తెల్లవారుజామున, పొద్దు వాలాక వేయండి. ఎండ తీవ్రంగా ఉన్న రోజుల్లో లీటరు నీళ్లకి 1–2 గ్రాముల తినే సోడా, అంటే పావు చెంచా, పగటి పూట మాత్రం కలపండి. ఆ రోజుల్లో దాణాలో ఉప్పు సగానికి తగ్గించాలి, రెండిట్లోనూ సోడియమే ఉంటుంది. పలమనేరు, కుప్పం మిట్ట మీద ఎండ బాధ కొంత తక్కువ, అక్కడ మే నెలలోనూ పెంకు పాడవుతుంటే మేత వైపు చూడండి. వానాకాలంలో గిన్నె తడిస్తే గ్రిట్‌కి ఏం కాదు, దాణాలో కలిపిన పొడి, మినరల్ మిక్స్ మాత్రం గడ్డకడతాయి, బూజు పడతాయి.

గ్రిట్ పెట్టడం మొదలుపెట్టాక వారం, పది రోజుల్లో పెంకు గట్టిపడాలి. ముందు కొన్ని రోజులు కోళ్లు ఎగబడి మామూలుకి రెండింతలు తింటాయి, ఎముకలు నింపుకుంటున్నాయి, ఆపకండి. రెండు వారాలైనా మార్పు లేకపోతే గుడ్లని పెట్టల వారీగా చూడండి. ఒక్క పెట్ట గుడ్డే పలచనైతే, అది మూడేళ్ల ముసలిదైతే, గుడ్డు పెద్దదయ్యేకొద్దీ పెంకు సాగి పలచబడడం దాని వయసు తెచ్చిన మార్పు. మందలో అన్ని పెట్టలకీ రెండు మూడు రోజుల్లోనే ఒకేసారి పెంకు చెడితే, ముడతలు, గరుకు, వంకర గుడ్లు కనిపిస్తే, తెల్లసొన నీళ్లలా జారిపోతుంటే, అది ఖనిజాల లోటు కాదు. ఖనిజాల లోటు వారాల మీద మెల్లగా బయటపడుతుంది, ఇలా ఒక్కసారిగా వచ్చేది బ్రాంకైటిస్ లాంటి వైరస్ తెగులు. తుమ్ములు, గురక ఉన్నా లేకపోయినా ఆ కోళ్లని వేరుచేసి, రెండు మూడు చెడ్డ గుడ్లు కూడా పట్టుకుని దగ్గర్లోని పశువైద్యశాలకి వెళ్లండి. తిరుపతి చుట్టుపక్కల వాళ్లకి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. చనిపోయిన కోడి ఉంటే పాతిపెట్టకముందే, ఆ పూటే తీసుకెళ్తే కోసి చూసి కారణం చెప్పగలుగుతారు.